వెండి పూత ట్రాంబోను

పెళ్లి ఊరేగింపు వీధి మలుపు తిరిగేటప్పుడు అరుగు మీదికి వచ్చి చూడని వారు మనలో అరుదు. ఆ బ్యాండు మేళంలో ఒక వాద్యకారుడు పొడవైన గొట్టాన్ని ముందుకు చాచుతూ, వెనుకకు లాగుతూ ఊదుతుంటాడు. పిల్లల చూపులన్నీ అతని మీదనే ఉంటాయి. ఆ గొట్టం ఎప్పుడు ఊడి పడుతుందా అని వారి ఆతురత. ఆ వాద్యం పేరు ట్రాంబోను. సైనికుల బ్యాండులలో ట్రాంబోనుల వారిని సాధారణంగా ముందు వరుసలోనే నడిపిస్తారు. చాచిన గొట్టం ఎదుటి వాని వీపుకు తగలకుండా ఉండడం కోసం చేసిన ఏర్పాటు అది.

ఈ వాద్యాన్ని గూర్చి, అందులోను ఒకరు వాడి విడిచిన వెండి పూత ట్రాంబోనును కొనడం గూర్చి ప్రసంగించవలసిన అవసరం ఏమి వచ్చినదని మీరు అడుగవచ్చును. దానికి కారణం మా స్టూడియోకు వచ్చిన ఒక యువకుడు.

అతనిది కోస్తాలో ఒక చిన్న పట్టణం. తండ్రి బ్యాండు మేళం నడుపుతాడు. పిల్లవాడు పదేళ్ల వయస్సునుండి తండ్రి వద్దనున్న మీరట్ ఇత్తడి ట్రాంబోను మీద నేర్చుకున్నాడు. మీరట్ నగరంలోని జలీ కోఠీ ప్రాంతం బ్యాండు వాద్యాల తయారీకి దేశమంతటా ప్రసిద్ధం. పెళ్లి మేళాలకు అవి చాలును. కాని ఈ యువకుడు పాశ్చాత్య సంగీతం చదివి, స్వరలిపి చూచి వాయించడం అభ్యసించి, పెద్ద వాద్యబృందంలో చేరవలెనని సంకల్పించుకున్నాడు. అందుకు వృత్తి వాద్యకారుల స్థాయి ట్రాంబోను కావలెను. క్రొత్తది కొనవలెనంటే కొన్ని వేల డాలర్ల మాట. అందుచేత మూడు పెళ్లి కార్తెలలో కూడబెట్టిన సొమ్ము తీసుకొని, దూరపు నగరంలో పాత వాద్యాలు అమ్మే ఒక దుకాణానికి వెళ్లి, వెండిలా తళతళలాడే ట్రాంబోను ఒకటి కొనుక్కొని వచ్చాడు. గరాటు మీద ఆంగ్ల సంస్థ పేరు, దాని చుట్టు పూలతీగెల చెక్కడం, మఖమలు పరచిన పెట్టె. చూచిన కళ్లకు పండుగ.

మా స్టూడియోలో పియానోతో కలిపి వాయించమన్నాము. మొదటి స్వరం రాగానే అందరం ఒకరి ముఖం ఒకరు చూచుకున్నాము. స్వరం నిండుగానే ఉన్నది, పలుకు బాగానే ఉన్నది. కాని పియానో ఒక దారి, ట్రాంబోను ఒక దారి. ప్రతి స్వరం పియానో కంటే పైన పలుకుతున్నది. శ్రుతి సరిచేసే గొట్టాన్ని అతడు వచ్చినంత మేర బయటికి లాగాడు. అయినను కలియలేదు. ఆ వెండి మెరుపు ముందు అతని ముఖం నల్లబడినది.

ఆ వాద్యంలో చిల్లు లేదు, పగులు లేదు. మరి ఎక్కడ వచ్చినది చిక్కు? అది చెప్పడానికి ముందు, ఈ వాద్యం ఎట్లా పలుకుతుందో, వెండి పూత దానికి ఏమి చేస్తుందో, ఏమి చేయదో కొంచెం తెలుసుకోవలెను.

ట్రాంబోను పూర్వరూపం పదునైదవ శతాబ్దంలోనే యూరపులో వాడుకలోనికి వచ్చినది. 1551లో జర్మనీలోని న్యూరెంబర్గులో ఎరాస్మస్ ష్నిట్జర్ అనే పనివాడు చేసిన ట్రాంబోను ఒకటి నేటికీ భద్రంగా ఉన్నది. దానిని నేటి వాద్యకారుని చేతికిస్తే తడుముకోకుండా వాయించగలడు. ఇన్ని శతాబ్దాలలో గొట్టం లావు పెరిగినది, గరాటు వెడల్పయినది, కాని సూత్రం మారలేదు. బేథోవెన్ తన అయిదవ సింఫనీ చివరి భాగంలో మూడు ట్రాంబోనులను ప్రవేశపెట్టాడు. ఆ సింఫనీ 1808లో వియన్నాలో మొదటిసారి వినబడినది. అంతకు పూర్వం చర్చి సంగీతంలోను, నాటక సంగీతంలోను ఎక్కువగా వినిపించిన ఈ వాద్యానికి నాటినుండి సింఫనీలలో స్థానం స్థిరపడుతూ వచ్చినది.

ఆ సూత్రం సులభమైనదే. గొట్టం పొడవు పెరిగితే స్వరం దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. మామూలు టెనర్ ట్రాంబోనులో గొట్టం మొత్తం పొడవు రమారమి 2.7 మీటర్లు, అంటే తొమ్మిది అడుగులు. అందులో రెండు సన్నని లోపలి గొట్టాలు కదలక నిలుస్తాయి. వాటి మీద అల్లెత్రాడు వలె వంగిన వెలుపలి గొట్టం జారుతుంది. దీనినే జారుడు గొట్టం అందాము. దానికి ఏడు స్థానాలు. ఒక స్థానం నుండి తరువాతి స్థానానికి జరిపితే స్వరం అర్ధస్వరం దిగుతుంది. మొదటి స్థానానికీ రెండవ స్థానానికీ నడుమ దూరం రమారమి 8 సెంటీమీటర్లు. ఏడవ స్థానం చేరేసరికి చేయి రెండడుగులకు కొంచెం తక్కువగా చాచవలసి వస్తుంది. వీణకు మెట్లున్నవి, వేణువుకు రంధ్రాలున్నవి. ట్రాంబోనుకు మెట్టు లేదు, రంధ్రం లేదు. మన వయొలిన్ విద్వాంసుని వేలు తంతి మీద జారినట్లు ఈ గొట్టం జారి స్వరం చూపవలెను.

కాబట్టి ఈ వాద్యానికి ప్రాణం జారుడు గొట్టంలో ఉన్నది. లోపలి గొట్టానికీ వెలుపలి గొట్టానికీ నడుమ ఉండేది వెంట్రుకవాసి ఎడం. ఆ ఎడంలో గాలి తప్పించుకుపోకూడదు, రాపిడి పుట్టకూడదు. ఈ రెండూ ఒక్కసారి సాధించడమే పనివాని నేర్పు. ఇక వెండి పూత అంటారా, అది శరీరానికి కట్టిన పట్టుబట్ట. పట్టుబట్ట చూచి ఆరోగ్యాన్ని అంచనా వేయరాదు.

ఇత్తడి పాత్రలకు కళాయి పెట్టించడం మన గృహిణులకు తెలిసిన పనే. కరగిన తగరాన్ని గుడ్డతో పులిమితే కళాయి అయినది. వెండి పూత అట్లా కాదు. వెండి లవణం కలిసిన ద్రావణంలో వాద్యాన్ని ముంచి విద్యుత్తు ప్రవహింపజేస్తే వెండి అణువులు వచ్చి ఇత్తడి మీద పేరుకుంటాయి. ఈ పద్ధతికి 1840లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కుటుంబీకులు హక్కుపత్రం పొందారు. ఆ తరువాత బ్యాండు వాద్యాలకు వెండి పూత వేయడం పరిపాటి అయినది. అమెరికాలో 1920ల దశకంలో వెండి పూత పూసి, గరాటు లోపల బంగారు పూత వేసిన ట్రాంబోనులు విరివిగా తయారయినవి. అటువంటివి నేటికీ పాత వాద్యాల అంగడిలో చేతులు మారుతూనే ఉన్నవి.

ఇక్కడ మూడు పేర్లను వేరుచేసి చెప్పవలెను. మొదటిది వెండి పూత. దీని మందం మిల్లీమీటరులో నూరవ వంతు కూడ ఉండకపోవచ్చును. రెండవది అచ్చమైన వెండి. అమెరికాలో కింగ్ పేరుతో వచ్చిన సిల్వర్‌సోనిక్ అనే రకం ట్రాంబోనులకు గరాటు మాత్రం నూటికి 92.5 పాళ్లు వెండి గల లోహంతో చేసేవారు. తక్కిన భాగాలు వెండి కావు. మూడవది జర్మన్ సిల్వర్. పళ్లెములు, గ్లాసుల రూపంలో మన ఇళ్లకు పరిచితమైన పేరే. అది రాగి, నికెల్, తుత్తునాగముల మిశ్రమం. అసలైన జర్మన్ సిల్వరులో వెండి పిసరంత కూడ ఉండదు. ట్రాంబోను లోపలి జారుడు గొట్టాలు చాలవరకు దీనితో చేసేవే. అమ్మేవాడు సిల్వర్ అన్నప్పుడు, ఏ సిల్వర్ అని అడుగవలెను.

ఇక పరీక్ష. వాద్యాన్ని పగటి వెలుగులో చూడవలెను. దుకాణపు దీపాల క్రింద ఏ వెండి అయినా వెండిగానే కనిపిస్తుంది.

నలుపును చూచి భయపడనక్కరలేదు. వెండి మీద నలుపు గాలిలోని గంధకం వలన ఏర్పడే పొర. పండుగనాడు తీసిన వెండి కుందులకు పట్టినటువంటిదే. అది మెత్తని గుడ్డకు పోతుంది. భయపడవలసినది పసుపుపచ్చని చోట్లను చూచి. ఎడమచేయి పట్టుకునే చోట, గరాటు అంచున పసుపు కనిపిస్తే పూత అరిగి ఇత్తడి బయటపడినదని అర్థం. అది చూపుకు లోపమే కాని పలుకుకు లోపం కాదు. ధర తగ్గించమనడానికి మాత్రం మంచి ఆధారం.

అంతకంటే ప్రమాదకరమైనది గులాబి రంగు మచ్చ. చెరకు తోటకు పట్టే ఎర్రకుళ్లు తెగులు మన రైతులకు తెలిసినదే. ఇత్తడికి పట్టే ఈ జబ్బును గూడ ఆంగ్లంలో ఆ పేరుతోనే పిలుస్తారు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగముల కలయిక. వాద్యకారుని ఊపిరితోపాటు లోపలికి పోయే తేమ, ఉమ్మి ఏళ్ల తరబడి నిలిచి తుత్తునాగాన్ని కరగించివేస్తాయి. మిగిలేది గుల్లబారిన రాగి. జబ్బు లోపలినుండి బయటికి వస్తుంది కాబట్టి, చిన్న గులాబి చుక్క పైకి కనబడేసరికి లోపల గొట్టం సగం తినివేయబడి ఉండవచ్చును. వెండి పూత ఈ చుక్కను చాలకాలం కప్పిపుచ్చుతుంది. పైన పటారం, లోన లొటారం అనే మన సామెత ఇక్కడ అక్షరాల నిజం. అందుచేత మౌత్‌పీస్ అమర్చే గొట్టంలోను, శ్రుతి గొట్టంలోను చిన్న దీపం వేసి లోపలికి చూడవలెను. గరుకు, గుంటలు కనిపిస్తే అనుమానించవలెను.

అతిగా మెరిసే పాత వాద్యాన్ని మరికొంత శ్రద్ధగా చూడవలెను. అది ఇటీవల మరల పూత వేసినది కావచ్చును. మరల పూత వేయడానికి ముందు పాత పూతను తొలగించి, సొట్టలు తీసి, లోహాన్ని సానబట్టి నునుపు చేస్తారు. ప్రతిసారీ కొంత లోహం పోతుంది. చెక్కిన పూల అంచులు, అక్షరాల కొనలు మొద్దుబారి, కరిగినట్లు కనిపిస్తే సాన గట్టిగానే పట్టారని గ్రహించవలెను. గరాటు గోడ అసలే పలుచన. ఇంకా పలుచనయితే చిన్న దెబ్బకే సొట్టపడుతుంది.

తరువాత అతుకులు. గొట్టాలను కలిపే అడ్డుకమ్మీల మొదళ్లలో మాటు వేసిన గుర్తులు, చిందిన టంకం కనిపిస్తే ఆ వాద్యం ఎప్పుడో దెబ్బతిన్నదని తెలుసుకోవచ్చును. కొందరు తయారీదారులు గరాటు భాగం మీద, జారుడు భాగం మీద గూడ క్రమసంఖ్య ముద్రిస్తారు. రెండు చోట్ల వేరువేరు సంఖ్యలుంటే రెండు వాద్యాలను కలిపి ఒకటి చేశారన్నమాట. అట్లా కలిపినది చెడ్డదే కానక్కరలేదు. కాని ఒక్క వాద్యం ధర దానికి ఇవ్వనక్కరలేదు.

ఇప్పుడు అసలైన చోటికి, జారుడు గొట్టానికి వద్దాము. దీనికి చెవి అక్కరలేదు, చేతులు చాలును.

మొదటి పరీక్ష ఇది. గొట్టాన్ని శుభ్రపరచి తగిన తైలం రాసి, నిలువుగా పట్టుకొని, కొక్కెం విప్పి, వెలుపలి గొట్టాన్ని చేతి ఆసరాతో నెమ్మదిగా దిగనివ్వవలెను. అది ఎక్కడా తడబడకుండా దిగవలెను. నడుమ ఆగినా, గరగరలాడినా గొట్టం వంగినదో, సొట్టపడినదో అయి ఉంటుంది. చేయి అడ్డుంచడం మరువరాదు. నేలను తాకితే పరీక్షే ప్రమాదమవుతుంది.

రెండవ పరీక్ష. వెలుపలి గొట్టాన్ని ఊడదీసి, ఒక కాలిని మాత్రమే లోపలి గొట్టం మీద ఎక్కించి జరపవలెను. తరువాత రెండవ కాలిని అట్లే. విడివిడిగా రెండూ సుఖంగా జరిగి, కలిపినప్పుడు మాత్రం బిగుసుకుంటే, కాళ్లు ఒకదానికొకటి సమాంతరంగా లేవని అర్థం. అది నేర్పుగల పనివాడు సరిచేయగల లోపం. విడిగా జరిపినప్పుడే రాపిడి ఉంటే లోపం గొట్టంలోనే ఉన్నది. బాగు చేయడానికి ఖర్చు ఎక్కువ.

మూడవది గాలి పరీక్ష. గరాటు భాగాన్ని విడదీసి, జారుడు గొట్టం రెండు పై కొనలను బొటనవేళ్లతో గట్టిగా మూసి, మరొకరి సాయంతో వెలుపలి గొట్టాన్ని కొంత క్రిందికి లాగించవలెను. బిగువైన వాద్యమైతే లోపల గాలి పలుచబడి గొట్టాన్ని వెనుకకు గుంజుతుంది. మునిగిన చెంబును నీటిలోనుండి బోర్లా పైకి ఎత్తినప్పుడు చేతికి తగిలే పట్టు వంటిది అది. ఆ గుంజుడు లేకపోతే గాలి ఎక్కడో పోతున్నది.

లోపలి గొట్టాల క్రింది కొనలు తక్కిన భాగం కంటే వెంట్రుకవాసి లావుగా ఉంటాయి. ఆనేది ఈ కొనలే. ఆధునిక వాద్యాలలో వీటి మీద గట్టి క్రోమియం పూత ఉంటుంది. వెండి పూత పోయినా వాద్యం బ్రతుకుతుంది. ఈ క్రోమియం లేచిపోయి గీతలు పడితే వాద్యం కుంటుపడుతుంది. కొనేవారు చాలమంది గరాటును పది నిమిషాలు చూచి, ఈ కొనలను పది క్షణాలు కూడ చూడరు.

కొన్ని ట్రాంబోనులకు వెనుక భాగంలో అదనపు గొట్టం చుట్టి ఉంటుంది. ఎడమ బొటనవేలితో మీట నొక్కితే గాలి ఆ మూడడుగుల గొట్టంలోనికి మళ్లి స్వరం అయిదు అర్ధస్వరాలు దిగుతుంది. 1839లో లైప్‌జిగ్ నగరంలో క్రిస్టియన్ ఫ్రెడరిక్ జాట్లర్ కల్పించిన సదుపాయమిది. దూరపు స్థానాలకు చేయి చాచే శ్రమ తగ్గుతుంది. ఇది ఉన్న వాద్యంలో మీట లటలటలాడకుండా, గాలి కారకుండా తిరుగుతున్నదా అని గూడ చూడవలెను.

గొట్టం లోపలి వెడల్పు మరొక ముఖ్య విషయం. నేటి సింఫనీ బృందాలలో వాడే ట్రాంబోనుకు ఈ వెడల్పు 13.9 మిల్లీమీటర్లు ఉండడం సాధారణం. జాజ్, నృత్య సంగీతాలకు 12.7 మిల్లీమీటర్లు, అటూ ఇటూ వాడతారు. పాత ఆంగ్ల ట్రాంబోనులు ఇంకా సన్ననివి. వాటిని అక్కడి వారు బఠాణీలు ఊదే గొట్టాలని పరిహాసంగా పిలిచేవారు. 1950ల దశకంలో ఇంగ్లండులోని పెద్ద బృందాలు కూడ వెడల్పు గొట్టాలకు మారినవి. సన్ననిది చెడ్డదని కాదు. దాని పలుకు తేట, పదును. కాని పెద్ద బృందంలో వెడల్పు గొట్టాల నడుమ అది ఒంటరి అవుతుంది. మౌత్‌పీస్ కాడ కూడ చిన్నది, పెద్దది అని రెండు ముఖ్యమైన కొలతలలో వస్తుంది కాబట్టి, వాద్యకారుడు తన మౌత్‌పీస్ వెంట తీసుకొని వెళ్లి సరిపడుతుందో లేదో చూచుకోవడం మంచిది.

తయారీదారుని పేరు గూర్చి ఒక మాట. అమెరికా వాద్యాలలో ఒకే పేరుగల సంస్థ వేరువేరు ఊళ్లలో, వేరువేరు కాలాలలో చేసిన వాటికి వేరువేరు గిరాకీ ఉన్నది. బాక్ సంస్థ 1960ల దశకం నడుమ వరకు న్యూయార్క్ దగ్గరి మౌంట్ వెర్నన్‌లో చేసినవాటిని, కాన్ సంస్థ 1970 ప్రాంతం వరకు ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌లో చేసినవాటిని వాద్యకారులు ప్రత్యేకంగా వెదకి కొంటారు. ఓల్డ్స్ సంస్థ 1979లో మూతపడినది. దాని వాద్యాలలో చక్కనివి ఉన్నవి, కాని విడి భాగాలు దొరకడం కష్టం. పేరు ధరను పెంచుతుంది. చేతిలో ఉన్న ఆ ఒక్క వాద్యం బాగున్నదా లేదా అన్నది పేరు చెప్పదు.

ఇప్పుడు మన యువకుని చిక్కు దగ్గరకు వద్దాము. అతని ట్రాంబోను ఈ పరీక్షలన్నింటిలో నెగ్గినది. జారుడు గొట్టం దిగినది, గాలి నిలిచినది, గులాబి చుక్క లేదు. మరి శ్రుతి ఎందుకు కలియలేదు?

నేడు ప్రపంచంలోని వాద్యబృందాలకు ఆధారమైన ‘ఏ’ స్వరం సెకనుకు 440 కంపనాలు. 1939లో లండనులో జరిగిన అంతర్జాతీయ సమావేశం దీనిని అంగీకరించినది. అంతకు పూర్వం ఊరికొక శ్రుతి, బృందానికొక శ్రుతి. ఇంగ్లండులోని ఇత్తడి వాద్యాల బ్యాండులు 452 కంపనాలకు కొంచెం పైనుండే హెచ్చు శ్రుతిని 1960ల దశకం వరకు విడిచిపెట్టలేదు. ఆ బ్యాండుల కొరకు తయారయిన వెండి పూత ట్రాంబోనులన్నీ ఆ శ్రుతికి కొలిచి చేసినవే. మన యువకుని చేతిలోనిది అటువంటిది. అది లోపం గల వాద్యం కాదు. వేరొక శ్రుతికి పుట్టిన వాద్యం. అమ్మినవాడు ఆ సంగతి చెప్పలేదు. ఇతనికి అడగాలని తెలియలేదు.

ఆ రెండు శ్రుతులకూ తేడా అర్ధస్వరంలో రమారమి సగం. మాటలో చిన్నదే. గొట్టంలో కొలిస్తే 7 లేక 8 సెంటీమీటర్ల పొడవు. శ్రుతి గొట్టానికి రెండు కాళ్లు కాబట్టి దానిని సుమారు 4 సెంటీమీటర్లు బయటికి లాగవలెను. ఆ వాద్యపు శ్రుతి గొట్టం కాళ్లు అంత పొడవు లేవు. జారుడు గొట్టాన్నే మొదటినుండి 4 సెంటీమీటర్లు ముందుకు జరిపి పట్టుకొని వాయించవచ్చును. కాని అప్పుడు నేర్చిన ఏడు స్థానాలూ తప్పుతాయి. ఏడవ స్థానంలో గొట్టం ఊడిపోయే అంచుకు వస్తుంది. నేర్పుగల పనివాని చేత పొడవైన శ్రుతి గొట్టం చేయించవచ్చును. అప్పటికి ఖర్చు మరికొంత.

కాబట్టి పాత వాద్యం కొనేటప్పుడు మొదటి స్థానంలో ఒక స్వరం నిలకడగా ఊది శ్రుతి చూడడం అన్నింటికంటే ముందు చేయవలసిన పని. ఈనాడు శ్రుతి చూపే సాధనం చేతి ఫోనులోనే దొరుకుతున్నది. కొన్ని అమెరికా వాద్యాల మీద క్రమసంఖ్య వద్ద ‘ఎల్’ అక్షరం ముద్రించి ఉంటుంది. తగ్గు శ్రుతి వాద్యమని దాని భావం. ‘హెచ్’ ఉంటే హెచ్చు శ్రుతి. దూరాన ఉన్న వాద్యాన్ని చిత్రాలు చూచి కొనేవారు, శ్రుతి ఎంతో వ్రాతపూర్వకంగా అడిగి, నచ్చకపోతే తిరిగి తీసుకునే షరతు మీదనే సొమ్ము పంపవలెను.

వెండి పూత వలన పలుకు మారుతుందా అని కొందరు అడుగుతారు. పూత పూసినది మృదువుగా పలుకుతుందని, లక్క పూసిన ఇత్తడి పదునుగా పలుకుతుందని వాద్యకారులు వాదించుకుంటారు. 1980ల దశకంలో ఇంగ్లండులో ఒక పరీక్ష జరిగినది. గరాటు గోడల మందం వేరువేరుగా ఉన్న ట్రాంబోనులను, బరువులో తేడా తెలియకుండా సమం చేసి, కంటికి కనబడకుండా ఏర్పాటుచేసి నిపుణుల చేతికిచ్చారు. ఏది ఏదో వారు గుర్తుపట్టలేకపోయారు. మందం మారినప్పుడే తెలియనిది, నూరవ వంతు మిల్లీమీటరు పూతకు వినేవారి చెవి తేడా కనిపెట్టగలదని ఆశించరాదు. గొట్టం వెడల్పు, గరాటు ఆకారం, మౌత్‌పీస్, అన్నింటినీ మించి ఊదేవాని పెదవులు పలుకును నిర్ణయిస్తాయి. వెండికి ఉన్న అసలు గుణం వేరు. చెమట పట్టే చేతులలో అది ఇత్తడిని కాపాడుతుంది. కొందరికి ఇత్తడి తగిలితే చర్మం దురద పెడుతుంది. వారికి వెండి సుఖం.

కొన్న తరువాత చేయవలసినది స్వల్పం. గోరువెచ్చని నీటితో, పొడవైన మెత్తని కుంచెతో లోపల కడగవలెను. ఒకరి ఊపిరి ఏళ్ల తరబడి నిలిచిన చోటు అది. పైన నలుపు పోవడానికి మెత్తని గుడ్డ చాలును. ప్రతి వారం మెరుగు మందుతో రుద్దేవాడు తన వెండిని తానే గుడ్డకు ఎత్తుకుంటున్నాడు. పెట్టెలో రబ్బరు పట్టీలు ఉంచరాదు. వాటిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

మన యువకుడు ఏమి చేశాడన్నది చెప్పి ముగిస్తాను. ఏడాదిన్నర తరువాత అతడు మరల మా స్టూడియోకు వచ్చాడు. ఈసారి పెట్టె పాతది, తాళం విరిగినది. తెరిస్తే లోపల ట్రాంబోను బొగ్గువలె నల్లగా ఉన్నది. “ఇదేమి నాయనా?” అన్నాను. “వెండేనండి. ఎవరూ తోమలేదు. అందుకే చవకగా వచ్చింది” అన్నాడు. ఎవరూ తోమనందువల్ల పూత పూతగానే ఉన్నది. చెక్కిన అక్షరాల అంచులు నిన్న చెక్కినట్లున్నవి. గొట్టం నిలువుగా పట్టి విడిస్తే నూతిలోనికి చేద జారినట్లు జారినది. పియానోవారు ‘ఏ’ మెట్టు నొక్కారు. ఇతడు ఊదాడు. రెండు స్వరాలు ఒక్కటిగా కలిసిపోయినవి.

“మరి ఆ మొదటిది?” అని అడిగాను. తండ్రి పక్కనే కూర్చొని ఉన్నాడు. “అది నా దగ్గరే ఉందండి. నాలుగు వేళ్లు ముందుకు జరిపి పట్టుకొని వాయిస్తున్నాను. పెళ్లివారికి శ్రుతి కంటే మెరుపే కదండి ముందు కనబడేది” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాని కొడుకు చేతిలోని నల్లని వాద్యం మీదినుండి మాత్రం చూపు మరల్చలేదు.